పరిశోధకుని ప్రశ్న: తెలంగాణ సమాజాధ్యయనములలో వస్తుపద్ధతుల ఎన్నిక

సమాజశాస్త్ర గ్రంథములను చదువునప్పుడు సాధారణముగా మనము గ్రంథకర్త చేరిన సిద్ధాంతములను పరామర్శింతుము గాని, అతడు బయలుదేరిన తావును పరామర్శింపము. అనేక గ్రామములుండగా ఆ గ్రామమునే ఏల ఎన్నుకొనెను? అచ్చట ఎవరి యింట బస చేసెను? ఎవరిని, ఏ భాషలో ప్రశ్నించెను? వ్యయమును భరించినవారెవరు? ఈ ప్రశ్నలకు సమాధానములు దొరకునది పీఠికలో. పీఠికయో, తొందరలోనున్న విద్యార్థి దాటివేయు భాగము. కావ్యవిమర్శయందు వస్తుస్వీకారమును గూర్చి, అనేక కథలుండగా కవి ఆ కథనే ఏల గ్రహించెనను విషయమును గూర్చి, పుటలకు పుటలు వ్రాసిన సంప్రదాయము మనకు కలదు. ఆ దృష్టినే సమాజశాస్త్ర రచనలపై ప్రసరింపజేసినచో ఏమి తేలునో చూచుట ఈ వ్యాసోద్దేశము. ఇందులకు దూరదేశముల ఉదాహరణములు అవసరము లేదు. తెలంగాణ నేలను గూర్చి 1943 మొదలు 1986 వరకు వెలువడిన కొన్ని గ్రంథములు చాలును.

వస్తువును ఎన్నుకొనుటలో పరిశోధకుని విలువలకు గల పాత్రను శాస్త్రీయముగా మొదట చర్చించినవారిలో ప్రముఖుడు మాక్స్ వేబరు. సంఘజీవనము అంతులేనిదనియు, అందు ఏది తెలిసికొనదగినదో నిర్ణయించునది పరిశోధకుని యొక్కయు అతని కాలము యొక్కయు విలువలే యనియు, వస్తువును ఎన్నుకొనిన పిదప మాత్రము కార్యకారణ విచారణ అందరికిని సమ్మతమగు ప్రమాణములతోనే జరుగవలెననియు 1904లో వెలువడిన వ్యాసమున అతడు ప్రతిపాదించెను. ఈ విభాగము కాగితముపై స్పష్టముగనే యున్నది. కాని విలువలు వస్తువును ఎన్నుకొని అంతటితో తప్పుకొనవు, పద్ధతిలోనికిని ప్రవేశించును. ఎవరిని అడుగవలెను, ఎంతకాలము వినవలెను, విన్నదానిలో దేనిని అంకెగా మార్చవలెను, దేనిని కథగా నిలుపవలెను అనునవి కూడ ఎన్నికలే. మఱియొక మాట. వేబరు చర్చించినవి విలువలు. పాస్‌పోర్టులు, బస్సు మార్గములు, విరాళములు ఆ చర్చలో కనబడవు. తెలంగాణ విషయమున ఇవియే ముందుగా కనబడును.

క్రిస్టొఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ వియన్నా నగరమున 1909లో జన్మించి అచ్చటనే చదివినవాడు. తరువాత లండనులో మాలినోవ్‌స్కీ గోష్ఠిలో పాల్గొనెను. 1936–37లో ఈశాన్య సరిహద్దునందలి కొన్యాక్ నాగులమధ్య నివసించి, మరల వారి యొద్దకే పోవు కోరికతో 1939లో భారతదేశమునకు వచ్చెను. ఇంతలో యుద్ధము వచ్చినది. 1938లో ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోవుటచే అతని చేతనున్నది జర్మను పాస్‌పోర్టు. కావున అతడు శత్రుదేశీయుడయ్యెను. నాగుల కొండలు అతనికి మూతపడినవి. నిజాము రాజ్యపు ఎల్లలలో ఉండుటకు మాత్రము అనుమతి లభించెను. ఈ నిర్బంధ ఫలముగా వెలువడినవే చెంచులను గూర్చిన గ్రంథము (1943), పాపికొండల ప్రాంతపు కొండరెడ్లను గూర్చిన గ్రంథము (1945), ఆదిలాబాదు రాజగోండులను గూర్చిన గ్రంథము (1948). తెలుగుదేశపు ఆదివాసులను గూర్చి నేటికిని మొదట పేర్కొనదగిన మూడు రచనలు ఒక పాస్‌పోర్టు కారణముగా పుట్టినవనుట అతిశయోక్తి కాదు.

ఐతే వస్తువు యాదృచ్ఛికమైనంతమాత్రమున దృష్టి యాదృచ్ఛికము కాదు. మూడు గ్రంథముల వరుసను చూడుడు. దుంపలు త్రవ్వుకొని వేటాడి జీవించు చెంచులు ముందు. పోడు కొట్టుకొను కొండరెడ్లు తరువాత. నాగలి దున్ను గోండులు పిమ్మట. మానవ సంస్కృతిని పొరలు పొరలుగా భావించి, అడుగుపొర యేదియని వెదకుట అతడు చదివిన నాటి వియన్నా మానవశాస్త్రమునకు ప్రియమైన పని. ఆ చదువు నాగుల కొండలనుండి నల్లమలకు అతనితో కూడ నడచివచ్చినది. చెంచులలో అతడు ప్రధానముగా వెదకినది అతి ప్రాచీన జీవనరీతి. వారు అటవీశాఖ ఉద్యోగులతోను, మైదానపు వర్తకులతోను పడుచున్న నాటి బాధలు ఆ గ్రంథమున లేకపోలేదు గాని, గ్రంథమునకు ఊపిరి అవి కావు.

గోండుల విషయమున ఇది మరింత స్పష్టము. 1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీము నిజాము పోలీసుల తుపాకులకు బలియయ్యెను. ఆ తిరుగుబాటునకు మూలము భూమి. గోండులు తరతరములుగా సాగుచేసికొనిన నేల కొంత రక్షితారణ్యము క్రిందికి పోయినది, కొంత పరుల పట్టాలలోనికి పోయినది. ఆదిలాబాదు గోండుల స్థితిగతులను విచారించుమని ప్రభుత్వము హైమెండార్ఫును నియోగించుటకు ఈ కల్లోలమే నేపథ్యము. అతడు నిజాయితీతో విచారించెను. 1945లో వెలువడిన అతని నివేదికల సంపుటి భూముల అన్యాక్రాంతమును దాపరికము లేక చెప్పినది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసినదన్నను అతని కృషియే కారణము. కాని మూడేండ్ల తరువాత విద్వల్లోకమునకై వెలువరించిన గోండుల గ్రంథము ప్రథమభాగమునకు వస్తువేమి? పురాణగాథలును, కర్మకాండయును. ప్రధానులు కింగిరి వాయించుచు పాడు గాథలు అందు విస్తారముగా చేరినవి. వ్యక్తి ఒకడే, నేల ఒకటే, ఆ యేండ్లే. చదువువారు మారగా వస్తువు మారినది. ప్రభుత్వమునకు భూమి, విశ్వవిద్యాలయములకు పురాణము. నా అభిప్రాయమున ఇది కపటము కాదు. ఆనాటి మానవశాస్త్రమున పట్టా, తకరారు, అప్పుపత్రము అనునవి శాస్త్రవస్తువులుగా పరిగణింపబడలేదు. అవి ఉద్యోగులు వ్రాయు కాగితములు. అతడే 1970ల ఉత్తరార్ధమున మరల వచ్చి, 1982లో భారతదేశపు గిరిజనులను గూర్చిన గ్రంథము వెలువరించునప్పటికి, భూమిపోవుట గ్రంథమధ్యమునకు వచ్చినది. గోండులకు భూమి పోవుట 1982లో క్రొత్త సంగతి కాదు. క్రొత్తగా వచ్చినది శాస్త్రమున దానికి చోటు.

ఇక గ్రామము. ఉస్మానియా విశ్వవిద్యాలయమున హైమెండార్ఫ్ తరువాత ఈ శాస్త్రమును నడిపినవారు ఆచార్య శ్యామాచరణ దూబే గారు. మధ్యప్రదేశమునందలి కమారులను గూర్చి వారు చేసిన పరిశోధన 1951లో గ్రంథరూపము దాల్చినది. ఆ యేడే వారు గిరిజనులనుండి గ్రామమునకు మరలిరి. వారి ‘ఇండియన్ విలేజ్’ 1955లో లండనున ప్రకటితమైనది. ముందుమాట వ్రాసినది కోర్నెల్ విశ్వవిద్యాలయపు మోరిస్ ఓప్లర్. అధ్యయనమునకు విషయమైనది హైదరాబాదునుండి కరీంనగరము పోవు దారిలోని శామీర్‌పేట.

ఈ మరలుట దూబే గారి స్వంత రుచికి మాత్రమే సంబంధించినది కాదు. ఆ 1955లోనే శ్రీనివాస్ గారు కూర్చిన గ్రామవ్యాసముల సంపుటియు, అమెరికాలో మెకిమ్ మారియట్ కూర్చిన మఱియొక సంపుటియు వెలువడినవి. బ్రిటిషు పాలకుల కాలమున గిరిజనుడును, కులమును పరిశోధనవస్తువులు కాగా, స్వతంత్ర రాజ్యమునకు గ్రామము కావలసివచ్చెను. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకము ప్రారంభమాయెను. నాగలి మార్చుమన్నచో రైతు ఏల మార్చడు, బావిలో మందు వేసినచో ఏల అనుమానించును అను ప్రశ్నలు పరిపాలకులకు పుట్టినవి. వాటికి సమాధానము చెప్పగల శాస్త్రమునకు గౌరవము హెచ్చినది, ధనమును లభించినది. దూబే గారి తరువాతి గ్రంథము (1958) ఉత్తరప్రదేశమున ఈ పథకము నడచిన తీరును గూర్చినదే.

శామీర్‌పేట అధ్యయనము ఒక్కరు చేసినది కాదు. విశ్వవిద్యాలయపు సంఘసేవా విస్తరణ ప్రణాళిక క్రింద పలుశాఖల అధ్యాపకులును విద్యార్థులును 1951–52లో ఆ గ్రామమునకు పోయి ఒకవైపు సేవయు, మఱియొకవైపు అధ్యయనమును సాగించిరి. వైద్యము, వ్యవసాయము, పశువైద్యము చదువువారును అందు కలరు. ఇంతమందిని కొనిపోవుటకు మారుమూల పల్లె పనికిరాదు. నగరమునకు చేరువగా, రాజమార్గముపై ఉండవలెను. ఇంతమంది సేకరించిన సామగ్రి ఒకటిగా కూడవలెనన్నచో ఇంటింటి గణనయు, ఒకే రీతి పట్టికలును తప్పవు. కావుననే ఆ గ్రంథమున ఆహారము, ఆదాయము, పంటలు, పండుగలు, సంస్కారములు చక్కగా కుదురుకొనినవి. సామాజిక నిర్మాణము, ఆర్థిక నిర్మాణము, కర్మకాండ, కుటుంబబంధములు అని ప్రకరణములు ఒకదానివెంట ఒకటి నడచి, కట్టకడపట మార్పును గూర్చిన ప్రకరణము వచ్చును.

ఈ ‘కట్టకడపట’ అనునది విచారింపదగినది. 1946లో ఆరంభమైన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటము 1951 అక్టోబరులో విరమింపబడెను. అనగా విద్యార్థి బృందములు శామీర్‌పేటలో పట్టికలు నింపుచున్న కాలముననే నల్లగొండ, వరంగల్లు పల్లెలలో ఆ మంట అప్పుడప్పుడే చల్లారుచుండెను. 1949లో జాగీరులు రద్దయినవి. 1950లో కౌలుదారీ చట్టము వచ్చినది. ఇట్టి యేండ్లలో తెలంగాణ గ్రామమును గూర్చి వ్రాసిన గ్రంథమునకు భూమిసంబంధము వెన్నెముక కాదు, కులవ్యవస్థయును ఆచారములును వెన్నెముక. అది దూబే గారి లోపమని త్రోసివేయుట తేలిక. నాకట్లు తోచదు. గ్రామమును పరస్పరాశ్రయములైన అంగములుగల దేహముగా చూచుట ఆనాడు ఆక్స్‌ఫర్డు మొదలుకొని అంతట నడచుచున్న పద్ధతి. ఆ పద్ధతిలో తగవు రోగమువంటిది. చివరి ప్రకరణమునకు పోవును. పైగా నగరమునకు చేరువనున్న ఊరిని ఎన్నుకొనుటతోనే పోరాటపు పల్లెలు కొంత చూపుమేరకు దూరమైనవి. అక్కడ అప్పటికి సైన్యము విడిసియుండెను. విద్యార్థులను వెంటబెట్టుకొని పోదగిన తావులు కావవి. బస్సు మార్గమొకటి, సిద్ధాంతమొకటి, రెండును కలిసి గ్రంథమునకు రూపము దిద్దినవి.

ఆ దశాబ్దముననే, ఆ విశ్వవిద్యాలయముననే మఱియొక పరిశోధన జరిగినది. ఆచార్య బిరుదురాజు రామరాజు గారి జానపదగేయసాహిత్య పరిశోధన 1958లో గ్రంథముగా వెలువడినది. సమాజశాస్త్రశాఖ ఇండ్లు లెక్కించుచుండగా తెలుగుశాఖ పాటలు సేకరించుచుండెను. రెండింటికిని ఆధారము పల్లెయే, పలికినవారును ఇంచుమించు ఆ రైతులును ఆ స్త్రీలునే. ఐనను ఒకరి పట్టికలో పాట అను గడి చిన్నది. ఒకరి సంకలనమున పాడిన యామె భూవసతి చోటుచేసికొనలేదు. శాఖల గోడలు కూడ వస్తువును ఎన్నుకొనుచున్నవి. ప్రసంగవశమున మన సిద్ధాంతవ్యాసములను గూర్చి ఒక్కమాట. వానిలో పెక్కింటి పీఠికలయందు వస్తువును ఎన్నుకొనిన కారణముగా ‘ఆచార్యులవారు సూచించిరి’ అని యుండును. పద్ధతిని గూర్చిన ప్రకరణము అంతకుముందటి వ్యాసమునుండి వచ్చి చేరును. ఆచార్యులు సూచించుట తప్పు కాదు. వారు ఏల సూచించిరో తెలియకుండుట మాత్రము చదువరికి నష్టము.

ఎన్నిక రహస్యమును దాచక చెప్పినవారు లేకపోలేదు. ఎం.ఎన్. శ్రీనివాస్ గారు 1948లో మైసూరు సీమలోని రాంపురమున (ఇది వారు పెట్టిన పేరు) నివసించి అధ్యయనము చేసిరి. ఆ అధ్యయనపు కాగితములు 1970 ఏప్రిలులో స్టాన్‌ఫర్డునందు దుండగులు పెట్టిన నిప్పుకు దగ్ధముకాగా, జ్ఞప్తినుండి వ్రాసిన గ్రంథము 1976లో వెలువడినది. ఆ ఊరిని ఎన్నుకొనుటకు తాము ముందుగా పెట్టుకొనిన హేతువులను చెప్పి, వానితోబాటు ఆ ఊరి అందము తమ్ము ఆకర్షించుటయు, తమ పూర్వుల గ్రామము ఆ ప్రాంతమున ఉండుటయు వారు వ్రాసిరి. తాము బ్రాహ్మణులగుటచేతను, గ్రామపెద్ద ఆశ్రయమున ఉండుటచేతను హరిజనవాడకు స్వేచ్ఛగా పోజాలకపోయినట్లును చెప్పిరి. ఆ గ్రంథమున గ్రామపెద్ద సజీవముగా నిలిచి, హరిజనులు దూరముగా కనబడుటకు కారణము చదువరికి దీనివలన తెలియును. తంజావూరు జిల్లాలో 1961–62 ప్రాంతమున అగ్రహారమున బసచేసిన ఆంద్రే బెతేయ్ గారికిని ఇట్టి యిబ్బందియే కలిగినది. అంతకు పదేండ్లముందు ఆ జిల్లాలోనే పనిచేసిన కాథ్లీన్ గఫ్ మార్క్సీయ దృష్టితో వ్యవసాయకూలీల వైపునుండి చూచెను. ఇరువురు చెప్పిన తంజావూరును చదివి, ఒక జిల్లాయేనా ఇది యని విద్యార్థి శంకించినచో ఆ శంక మంచిదే. ఐనను కావేరి కాలువల క్రింద భూమి ఎవరి చేతనుండెనను విషయమున వారి లెక్కలను సరిపోల్చి చూడవచ్చును. ప్రశ్న ఎవరిదైనను సమాధానమును పరీక్షింప వీలుకలదు. సమాజశాస్త్రమునకు శాస్త్రత్వము ఈ వీలులోనే యున్నదని నేననుకొందును.

తెలంగాణ పోరాటము సమాజశాస్త్రమునకు వస్తువగుటకు ఇరువది యేండ్లకు పైగా పట్టినది. నడుమ నక్సల్‌బరి (1967), శ్రీకాకుళము వచ్చినవి. వియత్నాము యుద్ధము జరుగుచుండగా పాశ్చాత్య విశ్వవిద్యాలయములలో రైతు తిరుగుబాటు గొప్ప వస్తువైనది. బారింగ్టన్ మూర్ (1966), ఎరిక్ వుల్ఫ్ (1969) గ్రంథములు ఆ వేడిలో పుట్టినవే. పోరాటనాయకులలో ఒకరైన పుచ్చలపల్లి సుందరయ్య గారి గ్రంథము 1972లో వచ్చినది. ఇంగ్లండునందలి ససెక్సులో పరిశోధించిన డి.ఎన్. ధనాగరే గారు తెలంగాణ తిరుగుబాటు సామాజిక మూలములను గూర్చిన వ్యాసమును 1974లో ప్రకటించిరి. తిరుగుబాటున ముందు నిలుచునది మధ్యతరగతి రైతా, పేదరైతా, కూలీయా అను ప్రశ్న అప్పటికి ప్రపంచ చర్చలో నలుగుచున్నది; దానిని వారు ఈ నేలపై పరీక్షించిరి. శామీర్‌పేటలో కులములుగా కనబడిన జనము ఇచ్చట వర్గములుగా కనబడును. పద్ధతియు మారినది. ఇంటింటి గణన పోయి దస్త్రములు, వార్తలు, పార్టీ పత్రములు వచ్చినవి. దస్త్రములు మాటలాడునది నాయకులను గూర్చి, ఖైదీలను గూర్చి, ఎకరములను గూర్చి. రాత్రివేళ దళమునకు అన్నము వండిపంపిన యామె దస్త్రమున లేదు.

ఆమెను వెదకినది విశ్వవిద్యాలయశాఖ కాదు. హైదరాబాదునందలి స్త్రీశక్తి సంఘటన సభ్యులు పోరాటమున పాల్గొన్న స్త్రీలను కలిసి, వారి మాటలను టేపుపై నిలిపి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ను ప్రకటించిరి. ఈ వస్తువును ఎన్నుకొనుటకు కారణము పీఠిక చదువకయే తెలియును: 1970ల చివర ఆరంభమైన స్త్రీల ఉద్యమము తన పూర్వచరిత్రను తాను వెదకికొనుచుండెను. ఇది పక్షపాతము కాదా యని అడుగువారుందురు. పక్షమున్నది. కాని ఆ పక్షమువారికి అనుకూలముగానే సమాధానములు వచ్చినవా? రాలేదు. పోరాటమున స్త్రీలు పొందిన స్వేచ్ఛతోబాటు పార్టీలో వారికి ఎదురైన అనుమానములు, పోరాటము ముగియగానే ఇంటికి పొమ్మనుట, అడవిలో కన్నబిడ్డను పరులచేతిలో పెట్టవలసివచ్చిన తల్లి వేదన — ఇవన్నియు అందున్నవి. వీరగాథ వినగోరి పోయినవారికి వీరగాథ ఒక్కటియే దొరకలేదు; దొరకినదానిని వారు దాచలేదు. పరిశోధకుని నిజాయితీకి ఇంతకన్న వేరు పరీక్ష నాకు తెలియదు.

తెలుగుశాఖవారమైన మనకు ఈ గ్రంథమున మఱియొక విశేషము కలదు. ఇప్పటివరకు పేర్కొన్న సమాజశాస్త్ర గ్రంథములు ఆంగ్లమున పుట్టినవి. వెట్టి, దొర, గడి అను మాటలు వానిలో ఇటాలిక్కు అక్షరములలో ఒకమారు కనబడి, పిమ్మట ఆంగ్ల పర్యాయపదముల వెనుకకు పోవును. వెట్టియనగా కూలి లేని పని యని అర్థము చెప్పవచ్చును. అర్ధరాత్రి పిలుపునకు పసిబిడ్డను వదలి గడికి పోవుట ఆ అర్థములో లేదు. స్త్రీశక్తి సంఘటన గ్రంథమున ఆ మాటలు పలికినవారి నోటనే, వారి వాక్యములలోనే ఉన్నవి. 1989లో ఆంగ్లమున వచ్చినప్పుడు ఆ వాక్యములు ఏమైనవో మూలముతో సరిపోల్చి చూచుట భాషాశాస్త్రమును, సమాజశాస్త్రమును ఒకటిగా పట్టుకొనగల విద్యార్థికి తగిన పని.

ఈ మౌఖికపద్ధతికి దాని మితులు దానికి కలవు. పోరాటమునకును టేపునకును నడుమ ముప్పది యేండ్లకు పైగా గడచినవి. స్మృతి తనకు కావలసినవానిని ఏరుకొనును. సంకలనకర్త్రులు ఆ స్త్రీలను చేరినది పోరాటమువారి పరిచయములగుండా. కావున ఆ గ్రంథమున మాటలాడినవారు ఏదో రీతిని పోరాటము వైపు నడచినవారు. నడువని వారున్నారు. గడులలో ఆడబాపలుగా బ్రతుకు వెళ్ళబుచ్చిన స్త్రీలు, వెట్టి చేయుచునే ముసలివారైనవారు పై గ్రంథములలో దేనికిని ప్రధానవస్తువు కాలేదు. హైమెండార్ఫ్ అడవికి పోయెను. దూబే గారి బృందము రాజమార్గపు ఊరికి పోయెను. ధనాగరే గారు దస్త్రముల యొద్దకు పోయిరి. స్త్రీశక్తివారు పోరాడినవారి ఇండ్లకు పోయిరి. గడి వెనుక దొడ్డివైపునకు ప్రశ్నతో పోయినవారు వీరిలో లేరు. 1940 నాటికి యౌవనముననున్న ఆ స్త్రీలలో ఇప్పుడు చెప్పగలవారు మిగిలియుండుట మిక్కిలి అరుదు.